రంగం ఓడ నుంచి విద్యార్థి వీసా దాకా: ఉత్తరాంధ్ర ప్రయాణాల్లో బంధువు స్థానం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పరదేశాలకు సాగిన ప్రయాణాలకు నూటెనభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఈ కాలమంతటా గమ్యాలు మారాయి, ప్రయాణికుల వృత్తులు మారాయి, వెంట ఉండవలసిన కాగితాలు మారాయి; కానీ ప్రయాణమయ్యే మనిషికి బంధువు ఎవరు, ఆ బంధువు ఎక్కడ ఉన్నాడు అన్న ప్రశ్న మాత్రం ప్రతి తరంలోనూ, ప్రతి రేవులోనూ ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే వచ్చింది. ఒకప్పుడు చెరకు తోటల కూలీ చనిపోతే కబురు ఎవరికి పంపాలో తెలుసుకోవడానికి ఆ ప్రశ్న అడిగారు. తరవాత అప్పు ఎవరి దగ్గర వసూలు చేసుకోవాలో తెలియడానికి అడిగారు. ఆపైన చదువుకు డబ్బు ఎవరు పెడతారో రుజువు చూపమని అడిగారు. నేడు అమెరికా వంటి దేశాలకు విద్యార్థి వీసా కోరే యువతను, చదువు ముగిశాక తిరిగి వస్తారా లేక అక్కడున్న బంధువు దారినే స్థిరపడిపోతారా అన్న సందేహంతో అడుగుతున్నారు. ప్రశ్న ఒకటే అయినా దాని వెనక ఉద్దేశం ఇన్ని విధాలుగా మారిన వైనమే ఈ ప్రాంతపు వలస చరిత్రకు వెన్నెముక.

ఈ చరిత్రను అనుసరించడానికి ముందు జిల్లాల హద్దులను గుర్తుంచుకోవాలి. బ్రిటిష్ పాలనలో నేటి శ్రీకాకుళం జిల్లాలోని చాలా భాగం మద్రాసు ప్రెసిడెన్సీకి చెందిన గంజాం జిల్లాలోనూ, నేటి విజయనగరం ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోనూ ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాంలోని తెలుగు ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా విడిగా ఏర్పడ్డాయి. కాబట్టి పాత ప్రభుత్వ నివేదికల్లో గంజాం కూలీలు, విశాఖపట్నం కూలీలు అని కనిపించేవారిలో అధిక సంఖ్యాకులు ఈ రెండు జిల్లాల పల్లెల నుంచి బయలుదేరినవారేనని గ్రహించాలి.

ఒప్పంద కూలీల పాసు

1834లో మారిషస్‌తో మొదలై, 1860లో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, ఆ తరవాత ఫిజీకి విస్తరించిన ఒప్పంద కూలీల వ్యవస్థలో గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు గణనీయంగా చేరారు. ఇన్నేళ్ళపాటు ఫలానా తోటలో పని చేస్తానని ముందుగానే ఒప్పుకొని ఓడ ఎక్కే ఈ కూలీలకు ప్రభుత్వం ఒక వలస పాసు ఇచ్చేది. అందులో మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, కులం, ఒంటి మీద పుట్టుమచ్చలు, జిల్లా, గ్రామం రాసేవారు. ఫిజీ వెళ్ళినవారి పాసుల్లో దగ్గరి బంధువు పేరు రాయడానికి ప్రత్యేకంగా ఒక గడి ఉండేది. ఆ గడి ఉద్దేశం చాలా పరిమితమైనది. కూలీ తోటలో మరణిస్తే కబురు ఎవరికి పంపాలో, అతను దాచుకున్న సొమ్ము ఏమైనా ఉంటే దానికి వారసుడెవరో తేల్చడానికి మాత్రమే బంధువు పేరు పనికివచ్చేది. ఆ బంధువు సాధారణంగా ఊళ్ళోనే ఉండిపోయిన తండ్రో, అన్నో, భార్యో. అవతలి దేశంలో బంధువు ఉన్నాడా అని ఆ పాసు అడగలేదు, ఎందుకంటే అక్కడ ఎదురుచూసేది తోట యజమానే తప్ప బంధువు కాదు.

నిరుపేద కుటుంబాలు ఇంత దూరం వెళ్ళడానికి ఒప్పుకోవడం వెనక కరువులు ఉన్నాయి. 1866 నాటి ఒడిశా కరువు గంజాం జిల్లాను కూడా పట్టి పీడించింది. 1876-78 మధ్య మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా కరువు విలయం సృష్టించింది. 1888-89లో గంజాం మళ్ళీ తిండిగింజలకు అల్లాడింది. వంశధార, నాగావళి నదులు పారుతున్నా, వర్షం మీద ఆధారపడిన మెట్ట పొలాలే ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతంలో, పైరు పోయిన ఏడాది కూలివాడికి ఊళ్ళో పని ఉండేది కాదు. జమీందారీ శిస్తులు, సాహుకారు అప్పులు, తుపానులు ఒకదాని వెంట ఒకటి వచ్చినప్పుడు సముద్రమే దారి చూపింది.

రంగం దారి

దూరపు తోటల కంటే ఉత్తరాంధ్ర జీవితాన్ని ఎక్కువగా మలచిన గమ్యం బర్మా. 1852లో దిగువ బర్మా, 1885లో ఎగువ బర్మా బ్రిటిష్ వారి వశమైన తరవాత ఇరావతి డెల్టా అడవులు వరిపొలాలుగా మారాయి. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో బర్మా బియ్యానికి ఐరోపా మార్కెట్టు దగ్గరయింది. పంట కోయడానికి, బియ్యం మిల్లుల్లో దంపడానికి, ఓడల్లోకి బస్తాలు ఎక్కించడానికి లెక్కలేనంత మంది కూలీలు కావలసివచ్చారు. స్థానికులు రంగం అని పిలుచుకున్న రంగూన్ నగరానికి ఈ తీరం నుంచి మూడు నాలుగు రోజుల స్టీమరు ప్రయాణం. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు గోపాలపురం, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ వంటి రేవుల దగ్గర ఆగి కూలీలను ఎక్కించుకునేవి.

భీమునిపట్నం, కళింగపట్నం వంటి చోట్ల ఓడ ఒడ్డుకు వచ్చే వీలు లేదు. అది లోతైన నీటిలో లంగరు వేసుకుని నిలబడితే, మేకులు లేకుండా పలకలను కొబ్బరి పీచుతాడుతో కుట్టి కట్టిన మసూలా పడవల్లో మనుషులను, మూటలను అలల మీదుగా అక్కడికి చేర్చేవారు. మేకులతో బిగించిన పడవ అయితే తీరపు అలల దెబ్బకు విరిగిపోయేది. కుట్టుపడవ మాత్రం అలతోపాటు వంగి నిలిచేది. పొలం గట్టు దాటి ఎరగని మనిషి కూడా చేతిమూటతో ఆ పడవ ఎక్కి, అక్కడి నుంచి నిచ్చెన పట్టుకుని ఓడ డెక్కు మీదికి చేరవలసివచ్చేది.

బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగమే కావడం వల్ల, అక్కడికి వెళ్ళేవారికి ఒప్పంద కూలీల చట్టం గాని, పాసు గాని, వీసా గాని వర్తించలేదు. టిక్కెట్టు డబ్బు ఉంటే చాలు. ఆ డబ్బు లేనివారికి దాన్ని సమకూర్చినవాడు మేస్త్రీ. మేస్త్రీ అంటే కూలీలను ఊళ్ళో పోగుచేసి, ఓడ ఖర్చు, బట్టలు, ఇంటివాళ్ళకు కొంత సొమ్ము ముందుగా బయానా ఇచ్చి, రంగూన్‌లో ఒక మిల్లుకో రేవు కంట్రాక్టరుకో పనిలో పెట్టి, యజమాని ఇచ్చే కూలి తన చేతి మీదుగా పంచే మధ్యవర్తి. పెద్ద కంట్రాక్టరు కింద పెద్ద మేస్త్రీ, అతని కింద చిన్న మేస్త్రీ, అతని చేతికింద ఒక ముఠా కూలీలు అన్నట్టు మెట్లు మెట్లుగా సాగిన ఈ వ్యవస్థలో, ప్రతి మెట్టు దగ్గరా కూలీ సంపాదనలో కొంత తగ్గుతూ వచ్చేది. తీసుకున్న బయానాకు కూలీ నోటు రాసి వేలిముద్ర వేసేవాడు. ఆ అప్పు తీరేదాకా మేస్త్రీని విడిచి వేరే చోట పనికి పోలేకపోయేవాడు.

ఈ నోటుకు నిజమైన బలం బంధుత్వం. మేస్త్రీ సాధారణంగా కూలీల ఊరివాడో, పక్క ఊరివాడో, తరచు వారి కులంవాడో అయ్యేవాడు. కూలీ కుటుంబం అతని కళ్ళ ముందే ఊళ్ళో ఉండేది. కాబట్టి రంగూన్‌లో పని ఎగ్గొట్టి పారిపోవడమంటే మేస్త్రీని మోసం చేయడంతో ఆగేది కాదు, ఊళ్ళో తండ్రినీ, అన్నదమ్ములనూ నలుగురిలో తలవంపులకు గురిచేయడమయ్యేది. అదే బంధుత్వం మరోవైపు రక్షణ కూడా అయింది. రంగూన్ రేవులో దిగిన కొత్తవాడిని, అప్పటికే అక్కడ ఉన్న మేనమామో, బావో, ఊరివాడో తన బసకు తీసుకుపోయి, ఇరుకు గదిలో చాప పరిచే చోటు చూపించి, బండి లాగడమో బస్తా మోయడమో నేర్పించేవాడు. రంగూన్ రిక్షాలు లాగినవారిలోనూ, రేవులో బరువులు మోసినవారిలోనూ తెలుగువారే అధికం. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలకు పైగా ఉండగా, రంగూన్ నగర జనాభాలో సగం కంటే ఎక్కువ మంది భారతీయులే.

ఈ వలసలో రెండు లక్షణాలు తరవాతి కథకు ముఖ్యం. మొదటిది, వెళ్ళినవారిలో ఎక్కువమంది తిరిగి వచ్చారు. స్త్రీలను ఊళ్ళోనే ఉంచి మగవాళ్ళు వెళ్ళి, ఒకటి రెండు పంటకాలాలో, మూడు నాలుగేళ్ళో కూలి చేసి, డబ్బుతో ఇంటికి చేరడం సాధారణ పద్ధతి. పోస్టాఫీసు మనీ ఆర్డర్ల మీద వచ్చే రంగం సొమ్ము గంజాం, విశాఖపట్నం పల్లెల్లో అప్పులు తీర్చింది, నేల కొనిపెట్టింది. రెండవది, అక్కడ ఉన్న బంధువే ఇక్కడివాడికి దారి. ప్రభుత్వం గాని, బ్యాంకు గాని, కంపెనీ గాని సామాన్యుడికి చేయని పనిని బంధువు చేశాడు: సమాచారం ఇచ్చాడు, అప్పు పెట్టాడు, బస చూపాడు, పని ఇప్పించాడు, జబ్బు చేస్తే చూశాడు. ఉత్తరాంధ్ర పరదేశ ప్రయాణాలకు తొలి సంస్థ బంధువేనని చెప్పడం అతిశయోక్తి కాదు.

సరిహద్దు గీసిన తరవాత

ఆర్థిక మాంద్యం కమ్ముకున్న 1930 మే నెలలో రంగూన్ రేవు తెలుగు కూలీలు ఎక్కువ కూలి కోసం సమ్మె చేయగా, వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్న కంట్రాక్టర్లు, సమ్మె పరిష్కారమయ్యాక వారిని తొలగించారు. ఆ ఆగ్రహం తెలుగువారి మీద దాడులుగా మారి అనేక ప్రాణాలు తీసింది. 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోవడంతో, అప్పటిదాకా ఒకే పాలన కింద సాగిన దారి మధ్య అంతర్జాతీయ సరిహద్దు వచ్చింది. 1938లో మళ్ళీ అల్లర్లు జరిగాయి. భారతీయ వలస మీద జేమ్స్ బాక్స్‌టర్ విచారణ జరిపి నివేదిక ఇచ్చాక, దాని ఆధారంగా 1941 జూన్‌లో ఇండో-బర్మా వలస ఒప్పందం కుదిరింది. బర్మాకు రావాలనుకునే భారతీయులకు ఎ, బి అనే రెండు రకాల పర్మిట్లు ఉండాలని నిర్దేశించిన ఆ ఒప్పందాన్ని గాంధీజీ సహా పలువురు నాయకులు నిరసించారు. అదే ఏడాది డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు కురవడంతో ఆ ఒప్పందం అమలుకు నోచుకోలేదు. లక్షల మంది భారతీయులు అడవులూ కొండలూ దాటి కాలినడకన అస్సాం, చిట్టగాంగు వైపు తరలిపోయారు, దారిలో వేల మంది ఆకలితోనూ జబ్బులతోనూ మరణించారు.

యుద్ధం తరవాత కొందరు తిరిగి వెళ్ళినా, 1962లో జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకుని దుకాణాలనూ వ్యాపారాలనూ జాతీయం చేయడంతో, 1964 నుంచి భారతీయులు పెద్ద సంఖ్యలో వెనక్కి వచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు ఆ కాందిశీకుల రాకకు నేటికీ సాక్ష్యం. ఉత్తరాంధ్ర కుటుంబాలకు ఈ చరిత్ర నేర్పిన పాఠం కఠినమైనది: బంధువు ఉన్నంత మాత్రాన పరదేశం తమది కాదు, అక్కడ ఉండే హక్కు ఆ దేశపు చట్టం చేతిలోనే ఉంటుంది. ఆ తరవాతి తరాలు చట్టబద్ధమైన కాగితాన్ని అంత శ్రద్ధగా వెతుక్కోవడానికి ఈ అనుభవం కూడా ఒక కారణమని భావించవచ్చు.

చదువు కోసం తొలి ప్రయాణాలు

కూలి ప్రయాణాలకు సమాంతరంగా, ఎంతో చిన్న సంఖ్యలో, చదువు ప్రయాణాలు కూడా సాగాయి. విజయనగరంలో 1857లో పాఠశాలగా మొదలై 1879లో కళాశాల స్థాయికి ఎదిగిన మహారాజా కళాశాల ఈ ప్రాంతంలో ఇంగ్లీషు చదువుకు పునాది వేసింది. అయితే అక్కడి నుంచి సముద్రం దాటి వెళ్ళడం జమీందారీ, ఉన్నతోద్యోగ, న్యాయవాద కుటుంబాలకే సాధ్యపడేది. అప్పటి గంజాం జిల్లాలోని బరంపురంలో 1894లో పుట్టిన వరాహగిరి వెంకటగిరి, తరవాతి కాలంలో భారత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి, 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండ్‌లోని డబ్లిన్ చేరి 1916 దాకా అక్కడ ఉన్నారు. ఆయన బయలుదేరిన నాటికి విద్యార్థి వీసా అన్న ఏర్పాటే లేదు. పాస్‌పోర్టును తప్పనిసరి చేసింది మొదటి ప్రపంచ యుద్ధం. 1920లో భారత పాస్‌పోర్టు చట్టం వచ్చాక ఆ కాగితం స్థిరపడింది.

చదువు ప్రయాణంలో బంధువుకు ఉన్న స్థానాన్ని అందరికంటే స్పష్టంగా చూపే తెలుగు జీవితం, ఈ జిల్లాలకు చెందకపోయినా, శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుది. 1920ల తొలి సంవత్సరాల్లో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరడానికి రెండు ఆధారాలు తోడ్పడ్డాయి: ఒకటి మామగారు సమకూర్చిన డబ్బు, రెండవది కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీ. ఆ ధర్మసంస్థ మూలధనం కోరంగి నుంచి రంగూన్ వెళ్ళి సంపాదించిన సత్యలింగం నాయకర్ ఆస్తి. బర్మా రేవుల్లో తెలుగువారు కూడబెట్టిన సొమ్ము ఒక తెలుగు విద్యార్థిని అమెరికా విశ్వవిద్యాలయానికి పంపడానికి ఉపకరించిందన్న ఈ వాస్తవం, కూలి వలసకూ చదువు వలసకూ మధ్య సాధారణంగా గీసే గీత ఎంత పలుచనిదో చూపుతుంది. మామగారి సాయం కూడా ఆ కాలపు ఆనవాయితీయే. అల్లుడి చదువుకు అత్తవారు డబ్బు పెట్టడం కట్నంతో ముడిపడి, ఆడపిల్లల కుటుంబాలపై మోయలేని బరువుగా మారిన సందర్భాలూ లెక్కలేనన్ని.

సుబ్బారావు తరంవారికి అమెరికాలో బంధువులు ఉండే అవకాశమే లేదు. 1917 నాటి అమెరికా చట్టం ఇండియాతో సహా ఆసియా ఖండంలో చాలా భాగాన్ని వలసకు నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించింది. 1924 చట్టం వలసకు కోటాలు పెట్టినా, గుర్తింపు పొందిన విద్యాసంస్థలో చదవడానికి మాత్రమే వచ్చే 15 ఏళ్ళు నిండిన విద్యార్థులను కోటా బయట అనుమతించింది. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చేదాకా భారతీయులకు పౌరసత్వం పొందే హక్కు లేదు, ఆ చట్టం తరవాత కూడా ఏడాదికి 100 మంది కోటాయే దక్కింది. అందువల్ల నాటి విద్యార్థి ఒంటరిగా వెళ్ళాడు, చదువు ముగించుకుని రావలసినవాడిగానే చట్టం అతన్ని చూసింది.

బంధువు హామీదారు అయిన కాలం

1952 నాటి అమెరికా వలస, జాతీయతా చట్టం విద్యార్థులకు ఎఫ్ అనే తరగతి కేటాయించింది. నేటికీ విద్యార్థి వీసాను ఎఫ్-1 అనడం అందువల్లే. వదిలిపెట్టే ఉద్దేశం లేని సొంత నివాసం స్వదేశంలో ఉండాలన్నది ఆ తరగతికి ప్రధాన షరతు. అదే చట్టంలోని 214(బి) సెక్షను, తాత్కాలిక వీసా కోరే మనిషిని శాశ్వతంగా స్థిరపడటానికి వస్తున్నవాడిగానే ముందుగా ఊహించాలనీ, కాదని రుజువు చేసుకునే భారం దరఖాస్తుదారుడిదేననీ చెప్పింది. నేరవిచారణలో నిందితుడిని నిర్దోషిగా ఊహించే సూత్రానికి తలకిందులైన ఈ సూత్రమే, విద్యార్థికి అక్కడున్న బంధువును తరవాతి కాలంలో చిక్కుగా మార్చింది.

ఆ బంధువులు పుట్టుకురావడానికి మూలం 1965 చట్టం. జాతులవారీ కోటాలను తొలగించిన ఆ చట్టం, వృత్తి నిపుణులకూ, అమెరికా పౌరుల కుటుంబసభ్యులకూ ప్రాధాన్య తరగతులు ఏర్పరచింది. 1923లో స్థాపించిన విశాఖపట్నం వైద్య కళాశాల, 1926లో స్థాపించిన ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటికి రెండు మూడు తరాల పట్టభద్రులను తయారుచేసి ఉన్నాయి. వీరిలో వైద్యులు, ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు అమెరికా ఆసుపత్రులకూ పరిశోధనశాలలకూ వెళ్ళారు. తరవాత ఆంధ్ర వైద్య కళాశాలగా పేరుపొందిన ఆ సంస్థలోనే చదివిన డాక్టర్ కాకర్ల సుబ్బారావు, ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానాకు తొలి అధ్యక్షుడయ్యారు. 1977లో న్యూయార్క్‌లో జరిగిన తొలి తెలుగు మహాసభ ఆ సంఘానికి దారి తీసింది. స్థిరపడిన వైద్యుడు పౌరసత్వం పొంది, అన్నదమ్ముల కోసం, అక్కచెల్లెళ్ళ కోసం పిటిషను వేయడం, వారి పిల్లలు చదువుకు అతని ఇంటికే రావడం ఆ తరవాతి మెట్లు.

ఆ దశకాల్లో అక్కడున్న బంధువు ప్రాముఖ్యానికి కారణం అమెరికా చట్టం ఒక్కటే కాదు, ఇండియాలో విదేశీ మారకద్రవ్యపు కొరత కూడా. 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం, అంటే ఫెరా, కింద డాలర్లు కొనడానికి రిజర్వు బ్యాంకు అనుమతి కావలసివచ్చేది. పి-ఫారం అనే అనుమతిపత్రం లేకుండా విమాన టిక్కెట్టు కొనడమే కుదిరేది కాదు. పొలం, బంగారం ఎంత ఉన్నా వాటిని డాలర్లుగా మార్చే దారి ఇరుకైనప్పుడు, అక్కడ డాలర్లలో జీతం తీసుకునే మేనమామో, పినతండ్రో రాసిచ్చే హామీపత్రం విద్యార్థికి ప్రాణవాయువు. పాస్‌పోర్టు కూడా 1967 దాకా ప్రభుత్వ దయాధీనమే; అదే ఏడాది సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో విదేశ ప్రయాణం వ్యక్తిస్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు తేల్చాక పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. పొలాలూ తోటలూ తప్ప నగదు అంతగా ఆడని ఈ రెండు జిల్లాల్లో, బంధువు హామీ లేకుండా విదేశీ విశ్వవిద్యాలయం మాట ఎత్తగలిగిన కుటుంబాలు వేళ్ళమీద లెక్కపెట్టదగినన్ని.

ఫైలు, స్లాటు, కిటికీ

1990ల చివరి నుంచి ప్రయాణికుల సంఖ్యా, వారి సామాజిక నేపథ్యమూ మారాయి. 1997లో రాజాంలో జీఎంఆర్ ఐటీ, విజయనగరం దగ్గర ఎంవీజీఆర్, 2001లో టెక్కలిలో ఐతం ఇంజనీరింగ్ కళాశాలలు మొదలయ్యాయి. అంతవరకు ఇంజనీరింగ్ అంటే విశాఖపట్నమో వరంగల్లో పోవలసిన పిల్లలు ఇంటి నుంచి బస్సులో కళాశాలకు వెళ్ళగలిగారు. బోధన రుసుము ప్రభుత్వమే చెల్లించే పథకం వచ్చాక చిన్న రైతుల, ఉపాధ్యాయుల, చిల్లర వ్యాపారుల పిల్లలు బీటెక్ పూర్తిచేశారు. సీనియర్లూ, వరసకు అన్నలూ, బావలూ హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద అమెరికాలో సాఫ్ట్‌వేర్ పని చేస్తుండగా, వారి వెనకే ఎంఎస్ కోసం దరఖాస్తు పెట్టడం ఈ ప్రాంతంలోనూ పరిపాటి అయింది.

ఆ దరఖాస్తుకు గుండెకాయ ఐ-20. విశ్వవిద్యాలయం సీటు ఖరారు చేసి పంపే ఈ పత్రంలో, మొదటి ఏడాది ఫీజు, జీవనవ్యయం ఎంతో, ఆ డబ్బు విద్యార్థి సొంతమా, విశ్వవిద్యాలయం ఇచ్చేదా, మరో మూలం నుంచి వచ్చేదా అన్నది రాసి ఉంటుంది. ఆ మరో మూలమే స్పాన్సర్. దానికి రుజువుగా విద్యార్థి మోసే ఫైలును దగ్గరగా చూస్తే ఒక కుటుంబపు ఆర్థిక చరిత్ర మొత్తం కనిపిస్తుంది: బ్యాంకు బ్యాలెన్సు లేఖ, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, చార్టర్డ్ అకౌంటెంటు కట్టిచ్చిన ఆస్తుల పట్టిక, తండ్రి పట్టాదారు పాసు పుస్తకం, అడంగల్ నకలు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరితోటో జీడిమామిడి తోటో ఉంటే దాని విలువ ధ్రువపత్రం, ఇవన్నీ ఒకవైపు, అమెరికాలోని బంధువు చేసిన ప్రమాణపత్రం, అతని జీతపు రసీదులు, ఆదాయపు పన్ను పత్రాలు, ఐ-134 అనే హామీ ఫారం మరోవైపు. రెండు అర్ధగోళాల్లో బతుకుతున్న ఒకే వంశం ఆ ప్లాస్టిక్ ఫోల్డరులో పక్కపక్కన కూర్చుంటుంది.

ఫైలు చేతపట్టుకుని వెళ్ళవలసిన చోటు చాలాకాలం మద్రాసు. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తుదారులను అక్కడి అమెరికన్ కాన్సులేటే చూసేది కాబట్టి, ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషనులోనో విజయనగరంలోనో హౌరా మెయిలు ఎక్కి, తల్లిదండ్రులు తోడురాగా చెన్నై చేరడం ఆనవాయితీ. 2008 అక్టోబరులో హైదరాబాదు బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో కాన్సులేటు ప్రారంభమై, 2009లో వీసాల పని మొదలుపెట్టింది. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది. ప్రయాణం దగ్గరయినా కిటికీ ముందు నిలబడే ఆ రెండు మూడు నిమిషాల బరువు తగ్గలేదు. 2001 సెప్టెంబరు దాడుల తరవాత విద్యార్థులను నమోదుచేసి గమనించే సెవిస్ అనే వ్యవస్థ 2003లో వచ్చింది, ఇంటర్వ్యూ దాదాపు అందరికీ తప్పనిసరి అయింది. ఇంటర్వ్యూకు స్లాటు దొరకడం, కన్సల్టెన్సీలో మాక్ ఇంటర్వ్యూ ఇవ్వడం, చివరికి ఎక్కువ వివరణ లేని 214(బి) నిరాకరణ కాగితంతో బయటికి రావడం ఈ తరం పదజాలంలో చేరాయి.

బంధువు ఉన్నాడా?

నేడు వాడుకలో ఉన్న డీఎస్-160 అనే ఆన్‌లైన్ దరఖాస్తు, తల్లి గాని తండ్రి గాని అమెరికాలో ఉన్నారా, జీవిత భాగస్వామి, కాబోయే జీవిత భాగస్వామి, బిడ్డ, తోబుట్టువుల్లో ఎవరైనా ఉన్నారా, ఇతర బంధువులున్నారా అని వేర్వేరుగా అడుగుతుంది. దరఖాస్తుదారుడి తరఫున ఎవరైనా ఎప్పుడైనా శాశ్వత నివాసపు పిటిషను వేశారా అని కూడా అడుగుతుంది. ఉత్తరాంధ్ర ఉమ్మడి కుటుంబాల లెక్కకూ ఈ లెక్కకూ పొంతన కుదరదు. పెదనాన్న కొడుకును సొంత అన్నగా చూసే ఇంట్లో అతను తోబుట్టువు కిందికి రాడనీ, చదువుకు డబ్బు పెట్టే మేనమామ ఇతర బంధువుల గడిలో పడతాడనీ చాలామందికి తెలియదు. పిటిషను ప్రశ్న మరింత సున్నితమైనది. పౌరుడైన పెదనాన్న ఎన్నో ఏళ్ళ కిందట తమ్ముడి కోసం వేసిన పిటిషనులో ఆ తమ్ముడి పిల్లలు కూడా ఆధారితులుగా లెక్కలోకి వస్తారు. భారతీయ తోబుట్టువుల వరస పదిహేనేళ్ళకు పైగా సాగుతుండడంతో, నాటి పసివాడు వీసా కిటికీ ముందుకు వచ్చేనాటికి ఆ సంగతి ఇంట్లోనే మరచిపోయి ఉండవచ్చు.

బంధువు ఉన్నాడని రాస్తే వీసా రాదేమోనన్న భయం వల్ల ఆ సంగతి దాచమని సలహా ఇచ్చే మధ్యవర్తులు బయలుదేరారు. డబ్బు లేని ఇంటికి కొద్దిరోజులు బ్యాంకు ఖాతాలో సొమ్ము వేసి, కమిషను తీసుకుని బ్యాలెన్సు చూపించే వ్యాపారమూ పెరిగింది. ఈ రెండూ విద్యార్థికి హాని చేస్తాయి. అక్కడ బంధువు ఉండడం చట్టం దృష్టిలో తప్పు కాదు, వీసా నిరాకరించడానికి అదొక్కటే కారణమూ కాదు; కానీ దరఖాస్తులో ముఖ్యమైన విషయాన్ని అబద్ధం చెప్పి వీసాకు ప్రయత్నించినట్టు తేలితే, అమెరికా చట్టం విధించేది శాశ్వత నిషేధం. నిరాకరణ తరవాత మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు గాని, అబద్ధం తరవాత ఆ తలుపు తెరుచుకోవడం దుర్లభం. ఇంతటి నష్టాన్ని ఇరవై రెండేళ్ళ పిల్లల నెత్తిన పెట్టే సలహాదారుడు, కూలీ వేలిముద్రతో నోటు రాయించుకున్న మేస్త్రీ కంటే మేలైనవాడని చరిత్రకారుడు చెప్పలేడు.

కాన్సులేటు సందేహానికి ఆధారమే లేదని వాదించడం కూడా నిజాయితీ కాదు. 2008లో 17 నెలలు, 2016లో 24 నెలలు చొప్పున సాంకేతిక విద్యార్థులకు పెంచిన శిక్షణా ఉద్యోగపు గడువు, దాని తరవాత హెచ్-1బి, ఆపైన గ్రీన్ కార్డు అన్న మెట్లు ఎక్కి స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. 2023-24లో అమెరికాలోని భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602కు చేరి చైనాను దాటిందంటే, అందులో చదువు ఆకాంక్షతోపాటు ఉద్యోగ ఆకాంక్ష కూడా ఉంది. కానీ బంధువు ఉనికిని స్థిరపడే ఉద్దేశానికి గుర్తుగా తీసుకోవడం, ఈ ప్రాంతపు చరిత్ర తెలిసినవారికి, సగం సత్యంగానే కనిపిస్తుంది. బర్మా కాలంలో అక్కడ బంధువులు ఉన్న లక్షల మంది కూలీలు మళ్ళీ మళ్ళీ ఇంటికి వచ్చారు, ఎందుకంటే బంధువు వారికి అక్కడ ఉండిపోవడానికి కారణం కాదు, అక్కడికి చేరడానికి సాధనం.

ఆ సాధనం ఇంత అవసరం కావడానికి మూలం ఇతర సాధనాలు ఆలస్యంగా, అరకొరగా రావడమే. దళిత విద్యార్థుల కోసం కేంద్రం 1954-55లో మొదలుపెట్టిన నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్, రాష్ట్రంలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యా నిధి వంటి పథకాలు ఉన్నా వాటి పరిమితి స్వల్పం. 2001 నాటి బ్యాంకుల నమూనా విద్యారుణ పథకం విదేశీ చదువుకు 15 లక్షల రూపాయల దాకా అప్పు ఇవ్వవచ్చని చెప్పినా, 4 లక్షలు దాటితే మూడవ వ్యక్తి పూచీ గాని ఆస్తి తాకట్టు గాని కోరింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలమట్టం చేసినప్పుడు, అలాంటి తాకట్టు విలువ ఒక్క రాత్రిలో ఎలా ఆవిరవుతుందో ఆ ప్రాంత కుటుంబాలు చూశాయి. పొలాన్ని గాలి పడగొట్టిన చోట, బ్యాంకు తలుపు మూసిన చోట, పరదేశంలోని మేనమామ మాటే మిగిలిన ఆస్తి. అతని సాయం కూడా ఉచితం కాదు; చదువు తరవాత తమ్ముళ్ళను పైకి తేవడం, కుదిర్చిన సంబంధం చేసుకోవడం, వచ్చే తరానికి తానే స్పాన్సర్ కావడం వంటి రాయని షరతులు ఆ సాయం వెంట ఉంటాయి. మేస్త్రీ నోటు కాగితం మీద ఉండేది, బంధువు నోటు మనసు మీద ఉంటుంది, రెండూ తీర్చవలసినవే.

ఈ కారణంగా విద్యార్థి వీసా సమస్యను ఒక దేశపు ఇంటర్వ్యూ పద్ధతిగా మాత్రమే చూసే ధోరణి సరిపోదు. తాకట్టు లేని విద్యారుణం, జిల్లా స్థాయిలో నమ్మదగిన ఉచిత సలహా కేంద్రం, విశ్వవిద్యాలయాల నుంచి నేరుగా దక్కే ఉపకారవేతనాల సమాచారం ఈ రెండు జిల్లాల పిల్లలకు అందినప్పుడే బంధువు తన సహజ స్థానానికి, అంటే తోడుగా నిలిచే ఆప్తుడి స్థానానికి, తిరిగి వస్తాడు. అప్పటిదాకా, ఫారంలోని ఆ ప్రశ్నకు ఉన్నది ఉన్నట్టు జవాబు రాసి, తన ఊరికీ చదువుకూ ఉన్న బంధాన్ని తన మాటల్లోనే స్పష్టంగా చెప్పుకోవడమే విద్యార్థికి చట్టబద్ధమైన, గౌరవప్రదమైన దారి. అలా చెప్పే ధైర్యాన్ని పిల్లలకు నేర్పవలసిన బాధ్యత వారి కళాశాలలదీ, వారి కుటుంబాలదీ, వారికన్నా ముందు ఆ దారిలో వెళ్ళి స్థిరపడిన బంధువులదీ కూడా.